బాపు డ్యూటీకి ఎదురొచ్చిన పిల్లులు

మొన్న పొద్దున మా అపార్టుమెంటు సందులో ఒక పిల్లి రోడ్డు దాటింది. దాటి, ఎదురుగోడ కింద కూర్చుని తీరిగ్గా వీపు నాకుకోసాగింది. దాని పని అయిపోయింది, మా పనులు ఆగిపోయాయి. ఇటు నా స్కూటీ, వెనక బడి వ్యాను. అటు పాల ఆటో, దాని వెనక ఒక పెద్దమనిషి కారు. ముందు దాటినవాళ్ళకే దోషం చుట్టుకుంటుంది కనుక "మీరు పోండి" అంటే "లేదు, మీరే పోండి" అని అందరం చేతులూపుకున్నాం. అంత మర్యాద నేను పెళ్ళి పందిట్లో కూడా చూడలేదు. అలా పూటంతా గడిచిందని నేనంటాను. రెండు నిమిషాలేనని మా వాచ్‌మన్ అంటాడు, అతనికి కొలవడం రాదు. చివరికి చెత్తబండి తోసుకుంటూ వచ్చిన ఒకామె మా అందరి దోషాన్నీ తొక్కుకుంటూ నడిచిపోయింది. ఆమె వెనక మేమంతా బతుకుజీవుడా అని కదిలాం.

ఆ రోజు ఆఫీసులో ఏ పనీ చేతికెక్కలేదు. పొద్దంతా ముక్కు నిండా బొగ్గుపొయ్యి వాసన.

మాది గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల కాలనీ. బొగ్గు ఊరికే వచ్చేది, అందుకని తెల్లవారకముందే ప్రతి క్వార్టరు ముందూ పొయ్యి రాజేసేవాళ్ళు. ఆ పొగ ఎంత చిక్కగా ఉండేదంటే దాన్ని రెండు చేతులతో పక్కకు జరుపుకుంటూ బడికి పోయేవాళ్ళం. మా వాడకట్టులో తెల్లపిల్లి అనేదే లేదు. తెల్లగా పుట్టేవేమో గానీ కళ్ళు తెరిచేలోపు బొగ్గుపొడి పట్టి నల్లబడేవి. ఒకసారి ఒక పిల్లికూనను బకెట్లో ముంచి కడిగాను. అడుగున తేరిన బొగ్గుతో మా అమ్మ ఒక పూట వంట చేసింది. ఆదివారం పూట ఎవరింట్లోనైనా ఎండుచేపలు వేయిస్తే ఆ వాసనకు మంచిర్యాల పిల్లులు గోదావరి ఈదుకుంటూ వచ్చేవి. తడిసిన పిల్లులు కనబడితే అవి అవతలి ఒడ్డువని గుర్తుపట్టేవాళ్ళం.

ఇన్ని పిల్లులున్నచోట పిల్లుల మీద మాటలు ఎన్ని ఉండాలి? ఆ మాటలన్నిటికీ పుట్టుక తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉండేది. మా బాపును, అంటే మా నాన్నను కన్నతల్లి, మా బాపమ్మ. అరుగు మీద ఆకువక్కల సంచి ముందేసుకుని కూర్చునేది. నోట్లో ఆకు నలిగేలోపు ఏ మాటకైనా కథ తయారయ్యేది.

"బాపమ్మా, కాలుగాలిన పిల్లి అంటరు గదా, దాని కాలు ఎందుకు గాలింది?" అని ఒకరోజు అడిగాను.

"మన బూడిదకుప్పలనే గాలింది పొల్లా. పొయ్యిల బూడిద తెచ్చి బయట పోస్తం. పైన సల్లగనే ఉంటది, లోపల నిప్పు ఉంటది. పండుకుందామని పాపం కాలు వెట్టింది."

"మరి ఊరంత ఎందుకు తిరుగుతది?"

"మందు రాసేటోళ్ళ కోసం. ఇంటింటికి పోయి కాలు చూపెడతది. అందరు చీపురు తీస్తరు. ఎవరన్న ఒక్కరు ఇంత ఎన్నపూస రాస్తే అక్కడనే కూసుండును."

ఆ మాట విన్నాక, ఊరికే తిరిగే మనుషులను చూసి నవ్వడం నాకు కష్టమైపోయింది.

మా వాడకట్టులో ఒక లీడర్ కాక ఉండేవాడు. పొద్దున ఒక యూనియన్ ఆఫీసులో టీ తాగి, సాయంత్రం ఇంకో యూనియన్ ఆఫీసులో బజ్జీలు తినేవాడు. అందరూ ఆయన్ని గోడ మీద పిల్లి అనేవాళ్ళు. ఆ మాటకు పుట్టుక అడిగితే బాపమ్మ నవ్వలేదు. "అది తెలివి అనుకుంటరు అందరు. తెలివి కాదు, భయం. ఇటు ఒక కుక్క, అటు ఒక కుక్క. దుంకితే ఏదో ఒకటి పడతది. అందుకే ఆన్నే కూసుంటది, ఆకలికి సచ్చేదాక" అంది.

ఒకనాడు లీడర్ కాక ఇస్త్రీ బట్టల్లో పోతుంటే నేను గోడ చాటునుంచి "మ్యావ్" అన్నాను. ఆయన ఆగాడు. అటూ ఇటూ చూశాడు. పిల్లి కనబడలేదు. నేరుగా మా అరుగు దగ్గరికి వచ్చి, "అత్తా, ఇనబడ్డది గని కనబడలే. ఏం జెయ్యాలె?" అని అడిగాడు.

బాపమ్మ ఆలోచించింది. "ఇనబడితే సగం శకునమే. సగం గిలాస నీళ్ళు తాగి పో."

ఆయన నిజంగానే సగం గ్లాసు కొలిచి తాగి, నాలుక తడుపుకుని పోయాడు. ఆ సాయంత్రం దాకా నేను నవ్వాను. నా నవ్వుకు పక్క వరసలో క్వార్టరు పెంకులు ఊడాయని చెప్పుకున్నారు.

కానీ పిల్లి ఎదురొచ్చుడు అనే మాట దగ్గర మా ఇంట్లో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. దాని పుట్టుక వేరే ఎక్కడో లేదు, మా ఇంటి గడప ముందే ఉంది.

మా తాత కూడా బాయి పనివాడే. ఒకనాడు ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరితే పిల్లి ఎదురొచ్చిందట. బాపమ్మ "ఆగయ్యా, జర కూసోని పో" అందట. తాత నవ్వి, "ఉష్" అని దాన్ని అదిలించి పోయాడట. ఆ రోజు బాయిలో కప్పు కూలింది. అప్పుడు బాపు చిన్నపిల్లవాడు, సద్ది గిన్నె అందించడానికి గడపలో నిలబడ్డాడు. పిల్లిని తన కళ్ళతో చూశాడు. పెరిగినాక తాత చేస్తూ పోయిన ఆ ఉద్యోగమే బాపుకు వచ్చింది. అదే బాయిలో దిగాడు.

ఇక ఆ పిల్లి కథ బాపమ్మ నోట్లో ఏటేటా పెరిగింది. ఎడమ నుంచి కుడికి పోతే ఏమిటి, తోక నిలబెడితే ఏమిటి, నోట్లో ఎలుక ఉంటే ఏమిటి అని పెద్ద చట్టమే తయారైంది. హైకోర్టుకు కూడా అన్ని సెక్షన్లు ఉండవు. అన్నిటికీ తీర్పు ఒకటే: పిల్లి ఎదురైతే బాపు వెనక్కి రావాలి, బూట్లు విప్పాలి, కాళ్ళు కడుక్కోవాలి, కూర్చుని నీళ్ళు తాగాలి, మళ్ళీ బూట్లు తొడిగి బయలుదేరాలి. ఈలోపు సైరన్ కూసేది. సైరన్ తర్వాత పోతే హాజరు వేయరు. ఆ రోజుకు నాగా. రెండోసారి బయలుదేరినప్పుడు ఇంకో పిల్లి ఎదురైతే బాపు బూట్లతోపాటు ఆ రోజును కూడా విప్పేసి మంచమెక్కేవాడు.

"గా పిల్లులకు నువ్వే చాటుంగ పాలు పోస్తున్నవ్, నాకు ఎరుకే" అని అమ్మ అరిచేది. "బువ్వ కంటె వాటికే ఎక్కువ భయపడుతున్నవ్ గదయ్యా!"

 డ్యూటీకి పోయే ముందు బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే బాపు చేతులు వణికేవి. పిల్లి ఎదురై వెనక్కి వచ్చి, అవే తాళ్ళు విప్పుకునేటప్పుడు వణికేవి కావు. నేను చూశాను. అమ్మ కూడా చూసే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.

ఆ ఏడు ఎండాకాలం రామగుండం వైపు నుంచి వచ్చే గాలికి చెట్టు మీది కాకులు ఉడికి కింద పడేవి. అటువంటి ఒక సాయంత్రం పక్క క్వార్టరు పెద్దబాపు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. ఆయన బాయిలో బాగా పాతవాడు, పిల్లి కాదు కదా పులి ఎదురొచ్చినా "ప్రభువా" అనుకుని డ్యూటీకి పోయే మనిషి.

"తమ్మీ, నీ నాగాల మీద ఆఫీసుల విచారణ నడుస్తున్నది" అన్నాడు బాపుతో. "చార్జిషీటు అచ్చినోళ్ళల్ల శానమందిని తీసేస్తున్నరు. ఇగ నువ్వు సక్కగ పోవాలె. పిల్లి గిల్లి అనకు."

"పోతనన్నా" అన్నాడు బాపు.

అమ్మ పొయ్యి దగ్గరే కూలబడింది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, బొగ్గు పోతుంది, కరెంటు పోతుంది, దవాఖాన పోతుంది. మాకు సొంతంగా ఉన్నవి ఆకలి, బాపమ్మ కథలు.

మరునాటి నుంచి మా ఇంటివాళ్ళు పిల్లుల మీద యుద్ధం ప్రకటించారు. పెద్దబాపు భార్య, పక్కింటి పెద్దమ్మకు ఒక పిల్లి ఉండేది. గోధుమరంగుది, గుమ్మడికాయంత. కాదు, గుమ్మడికాయల బండంత. "అక్కా, సైరన్ అయ్యేదాక జర దాన్ని లోపల ఏసి ఉంచవా" అని అమ్మ బతిమిలాడింది. "దానికేం భాగ్యం చెల్లే" అని పెద్దమ్మ రోజూ పొద్దున దాన్ని స్నానాల గదిలో పెట్టి గొళ్ళెం వేసేది. నేరమేమీ చేయకుండా జైలుకు పోయిన మొదటి పిల్లి అదే.

మిగతా పిల్లుల పని నాకు అప్పజెప్పారు. చేతిలో స్టీలు పళ్ళెం, గరిటె. నేను ముందు నడుస్తూ టంగు టంగుమని మోగించాలి, ఆ మోతకు పిల్లులు పారిపోవాలి, నా వెనక నెత్తిన టోపీతో బాపు రావాలి, ఆయన వెనక అమ్మ చీపురు పట్టుకుని. వాడకట్టంతా అరుగుల మీదికి వచ్చి చూసేది.

"దొరగారి సవారి ఎల్లింది, పక్కకు జరుగుండ్రి!" అని ఎవరో అరిచారు.

"సవారికి దివిటీ లేదేందక్కా?" అని ఇంకొకరు.

బాపు తల దించుకుని నడిచేవాడు. కొన్ని రోజులకు, "ఇగ పళ్ళెం వద్దు బిడ్డా, ఇజ్జత్ పోతున్నది" అన్నాడు. దాని బదులు అమ్మ ఇంకో ఉపాయం చెప్పింది. కనబడితేనే కదా శకునం? తువ్వాల కళ్ళ మీదికి దించి కట్టి, మలుపు దాకా చేయి పట్టుకుని నడిపించింది. గానుగెద్దుకు కూడా అంతకంటే ఎక్కువే కనబడుతుంది. మలుపు దాకా అంతా బాగానే సాగింది. అక్కడ వెనక నుంచి సైకిలు మీద వస్తున్న తోటి పనివాడు, మహా మంచివాడు, అన్యాయం జరిగిపోతుందేమోనని కంగారుపడి కేకేశాడు:

"అన్నా! ఆగే! పిల్లి అడ్డం పోయింది, నువ్వు చూడలే!"

బాపు ఆగాడు. తువ్వాల తీశాడు. ముందు అమ్మను చూశాడు, తర్వాత వచ్చిన దారిని చూశాడు. వెనక్కి తిరిగాడు. ఆ మంచివాడికి ఆ రోజు అమ్మ పెట్టిన శాపనార్థాలకు వాడి సైకిలు చక్రాలు తుప్పు పట్టాయి.

బాపు మంచమెక్కగానే అమ్మ బాపమ్మ ముందు నిలబడింది.

"అత్తమ్మా, ఆయన దిల్ల ఈ పిల్లిని పెట్టింది నువ్వే. నువ్వే తియ్యాలె."

"నేనేం పెట్టిన బిడ్డా? అయింది చెప్పిన."

"కాలుగాలిన పిల్లికి ఎవలు చూసి చెప్పిండ్రు? గోడ మీది పిల్లి వచ్చి నీ చెవుల చెప్పిందా? గిన్నిటికి కథలు అల్లినవ్. గీ ఒక్కదానికి ఇంకో తీరు చెప్పరాదా? నీ కొడుకు బువ్వ కోసం అడుగుతున్న."

"గవి నవ్వులాటకు చెప్పినయి. గిది మీ మామ పానం."

"పోయిన పానం పోయింది. ఉన్న పానాలకు ఏం జేద్దాం?"

బాపమ్మ ఆ పొద్దంతా ఆకు వేసుకోలేదు. సంచి విప్పను కూడా విప్పలేదు. పొద్దుగూకినాక వాకిట్లో నీళ్ళు చల్లి మంచాలు వేశాం. తడిమట్టి వాసన, మామిడికాయ తొక్కు వాసన, దూరంగా బొగ్గు వాసన. బాపు పచ్చిపులుసుతో అన్నం తింటున్నాడు. బాపమ్మ ఆయన పక్కన కూర్చుంది.

"కొడుకా, నీకు నేను సగమే చెప్పిన."

"ఏంది అవ్వా?"

"పిల్లి గండాన్ని తేదు. గండం దారిల కూసోని ఉంటది, మనకు కండ్లకు కానరాదు. పిల్లికి కానత్తది. అది అడ్డం పోయి ఆ గండాన్ని తన ఎంట తీస్కపోతది. మీ నాయినకు గాదినం పిల్లి వచ్చింది నిజం. గని దాన్ని పోనియ్యలే గదా ఆయన. సగం దారిలనే ఉష్ అని అదిలించిండు. అది ఎనుకకు మర్రింది. గండం ఆన్నే ఉండిపోయింది. దాన్ని సక్కగ పోనిస్తే మీ నాయిన ఇంటికి వచ్చును."

బాపు చేతిలో ముద్ద ఆగిపోయింది. చిన్నప్పుడు గడపలో నిలబడి చూసింది మళ్ళీ చూస్తున్నట్టు ముఖం పెట్టాడు. తాత అదిలించడం నిజం. పిల్లి వెనక్కి మళ్ళడం నిజం. అన్నీ సరిపోయాయి.

"నిజమేనా అవ్వా?"

బాపమ్మ కుడిచేయి ఎత్తి ఆయన నెత్తి మీద పెట్టింది. "నీ మీద ఒట్టు కొడుకా."

పొయ్యి దగ్గర అమ్మ చేతిలోంచి గిన్నె మూత జారింది. ఒట్టు వేయమని ఆమె అడగలేదు.

మర్నాడు పిల్లి ఎదురైంది. బాపు ఆగి, దారి ఇచ్చి, అది అవతలి మోరీ కాలువ దాటేదాకా చూసి, ముందుకు నడిచాడు. సాయంత్రం నల్లగా, పళ్ళు మాత్రం తెల్లగా ఇంటికి వచ్చాడు. ఆ పూట అమ్మ సర్వపిండి చేసింది. ఇల్లంతా నువ్వులు, పల్లీలు వేగిన వాసన. పెద్దమ్మ ఇంటికి కూడా ఒకటి పంపింది.

ఇక బాపుకు కొత్త జబ్బు పట్టుకుంది. పిల్లి ఎదురురాకపోతే కదలడు! వాన పడ్డ పొద్దున పిల్లులన్నీ అరుగుల కింద ముడుచుకుంటే, ఆయన గొడుగేసుకుని గడపలో నిలబడి, "ఒక్కటన్న రాదేందే?" అని దిక్కులు చూసేవాడు. నేను పళ్ళెం కొట్టి తరిమిన పిల్లులను ఇప్పుడు ఎండుచేప తల పట్టుకుని పిలవాల్సి వచ్చింది. పక్కింటి పిల్లి జైలుకు అలవాటుపడి స్నానాల గదిలోంచి బయటికి రానంది. పెద్దమ్మ ప్రార్థన మధ్యలో ఆపి, దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని, వానలో బాపు ముందు రోడ్డు దాటింది.

"దాటినం తమ్మీ. ఇద్దరం దాటినం. ఇగ నడు, జల్ది నడు!"

అటు పెద్దబాపు నెత్తి కొట్టుకున్నాడు. "ప్రభువు సిలువ మోసిండు, నా పెండ్లాం పిల్లిని మోస్తున్నది."

ఆ వానాకాలమంతా బాపు ఒక్క నాగా పెట్టలేదు. చేతులు మాత్రం వణికేవి. వణుకుతున్న చేతులతోనే తాళ్ళు కట్టుకుని, వణుకుతున్న చేతులతోనే దిగి, ఎక్కి, వచ్చేవాడు. అమ్మ కొత్త చీర కొనే సంగతి మాట్లాడింది. బాపమ్మ మాత్రం ఆయన ఇంటికి వచ్చేదాకా మెతుకు ముట్టేది కాదు. పిల్లుల మాటలకు పుట్టుక అడిగితే, "పో పొల్లా, సదువుకోపో" అనేది.

వానలు వెనకబట్టినాక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. బాపును పనిలోంచి తీసేశారు.

పెద్దబాపు అప్పటికప్పుడు సైకిలేసుకుని ఆఫీసుకు పోయాడు. తిరిగి వచ్చినాక అరుగు మీద కూర్చుని చాలాసేపు చెమట తుడుచుకున్నాడు. "ఇప్పుడు రోజూ వస్తున్నడు గదా సార్ అంటే, ఇప్పటి ముచ్చట ఎవలడిగిండ్రు అన్నరు. అది పాత నాగాల లెక్కనట. మొన్న ఎండాకాలంలనే, నేను మీకు చెప్పిన తెల్లారే తీర్మానం అయిపోయిందట. కాగితం రాసుడు గింత ఆలిశమైంది."

అంటే, బాపమ్మ నెత్తి మీద చేయి పెట్టేసరికే ఆ ఉద్యోగం పోయి ఉంది. ఆ వానలు, ఆ ఎదురుచూపులు, వణికే చేతులతో ఆయన దిగిన ప్రతి షిఫ్టూ, అంతా అయిపోయిన పని మీద చేసిన పని. లీడర్ కాక దగ్గరికి అమ్మ పోయింది. ఆయన రెండు యూనియన్లతోనూ మాట్లాడతానన్నాడు. మాట్లాడే ఉంటాడు.

ఆ రాత్రి బాపు బాపమ్మ మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఏది నిజం? మొదలు చెప్పిందా, ఎనుక చెప్పిందా?"

బాపమ్మ "రెండు నేను చెప్పినయే బిడ్డా" అంది.

"మరి నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తివి గదనే?"

ఆమె కుడిచేతిని కొంగు కిందికి లాక్కుంది. బాపు కోపం కూడా చేయలేదు. ఆ తర్వాత బాపమ్మ నా జడ ఎడమచేత్తోనే దువ్వేది. చిక్కులు తెగేవి, నొప్పి పుట్టేది. నేను ఏడ్చినా ఆ రెండో చేయి బయటికి తీసేది కాదు. చలికాలం పోకముందే ఆమె పోయింది. ఊరూరా అడుగుతున్నాను గానీ, ఆమెకు తెలిసిన మాటల పుట్టుకలు ఇంకెవరికీ తెలియవు. మిగతావాళ్ళు చెప్పేవన్నీ సరైన అర్థాలే. వాటిలో పిల్లులుండవు.

క్వార్టరు ఖాళీ చేసిన రోజు సామాన్లన్నీ ఒక్క ట్రాలీలో పట్టాయి. అంతకాలం అంత కొద్ది సామానుతో బతికామని నేనెవరికి చెప్పినా నమ్మరు, ఎందుకంటే ఆ ఒక్కటే నేను పెంచకుండా చెబుతున్నాను. పెద్దమ్మ అమ్మను పట్టుకుని ఏడ్చింది. ట్రాలీ వెనక మేం నడుస్తుంటే మలుపు దగ్గర ఒక పిల్లి అడ్డం పోయింది. ట్రాలీ తోసేవాడు టక్కున ఆగాడు. అమ్మ ఆగింది. నేనూ ఆగాను.

బాపు ఆగలేదు.

"జర నిలబడయ్యా, పిల్లి" అంది అమ్మ.

ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "ఎటు వోతున్నమని ఎదురొస్తదే అది?" అన్నాడు.

తర్వాత ఆ బాయిని మూసేశారు. కొన్నేళ్ళకు పైనుంచే తవ్వడం మొదలుపెట్టి కాలనీని కూడా తవ్వేశారు. రాష్ట్రం వచ్చిన రోజు గోదావరిఖని అంతా రంగులు చల్లుకుంటుంటే నేను పోయి చూశాను. మా అరుగు ఉన్నచోట గాలి ఉంది, దాని కింద లోతు ఉంది. చాలా లోతు.

బాపు పెద్దపల్లి వైపు ఒక రైస్‌మిల్లుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. మిల్లంటే ఎలుకలు, ఎలుకలంటే పిల్లులు. రోజుకు ఎన్నిసార్లు దారికి అడ్డం వచ్చినా ఆయన నడక మారేది కాదు. అక్కడి హమాలీలు మా ఇంటికి వచ్చినప్పుడు, "ఎంత గుండె ధైర్యమో మీ ఆయనకు! పిల్లి ఎదురొచ్చినా ఆగడు" అని మెచ్చుకునేవాళ్ళు. అమ్మ వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి పోయేది.